ఉప్పునీళ్ళ మీద మద్రాసు

మొన్న మా అపార్ట్‌మెంటులో నల్లా నీళ్ళు రాక బోరు నీళ్ళు వదిలారు. నేను కాఫీకి గిన్నె పట్టబోతుంటే, గుమ్మం దగ్గర పాల ప్యాకెట్లు పెడుతున్న వాచ్‌మన్ గట్టిగా అరిచాడు.

"అమ్మా, గవి తాగకు. ఉప్పు నీళ్ళు."

నేను పకపకా నవ్వాను. అతను బిత్తరపోయి, "నవ్వుతవేందమ్మా, నిజంగనే ఉప్పు నీళ్ళు," అన్నాడు. "అయితే పగటిపూట మద్రాసు రావాలే," అన్నాను. ముసలమ్మకు మతి పోయిందనుకుని ఉంటాడు పాపం. మతి పోయింది ఇప్పుడు కాదు నాయనా, నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు. అప్పుడు పోయింది ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు.

అప్పుడూ మేము తార్నాకలోనే ఉండేవాళ్ళం. ఒక పెంకుటింట్లో సగం వాటా మాది, సగం ఇంటివాళ్ళది. నాన్న యూనివర్సిటీలో ఫిజిక్సు చెప్పేవాడు. ఇంటాయనది లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పని. ఆయన భార్యను అమ్మ అక్కయ్యగారూ అనేది, నేను పెద్దమ్మ అనేదాన్ని. పెద్దమ్మ వంటింట్లో సర్వపిండి కాలుతుంటే నువ్వులూ వెల్లుల్లీ కలిసిన వాసన గోడ దాటి మా వాటాలోకి వచ్చేది. వాసన వెనకాలే ముక్క కూడా వచ్చేది, అందుకే నాకు ఆ గోడంటే ఇష్టం.

ఇంటి వెనకాల బావి ఉండేది. బట్టలుతకడానికీ గిన్నెలు తోమడానికీ ఆ నీళ్ళే. తాగడానికి మాత్రం వీధి నల్లా. యూనివర్సిటీ అంతా అప్పుడు బండరాళ్ళూ పొదలూ. ఆ పొదల్లో సీతాఫలాలు. వాటిని కోయకూడదని కాపలావాడు, కోయాలని మేము. కోసినవాటిని అమ్మ చూడకుండా బియ్యం డబ్బాలో అడుగున పాతేసేదాన్ని. అమ్మ సోలతో బియ్యం తీసినప్పుడల్లా అది ఎంత లోతుకు దిగుతుందోనని తొంగి చూసేదాన్ని.

ఆ సీతాఫలాల కాలంలోనే మా అమ్మమ్మ వచ్చింది. సముద్రపు ఒడ్డు పల్లె ఆవిడది. రిక్షాలోంచి ఆవిడ కంటే ముందు ఆవిడ ట్రంకుపెట్టె వాసన దిగింది. అమ్మ పెట్టె తెరిచి ఎండురొయ్యల మూట ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు అలాగే కూర్చుంది. పెద్దమ్మ మాత్రం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఏం సచ్చింది చెల్లె, ఎలుకనా?" అని అడిగింది. మూడో రోజుకు ఆవిడే గిన్నె పట్టుకొచ్చి, వంకాయతో వండిన రొయ్యలు ఇంకాస్త ఉన్నాయేమోనని అడిగిందనుకోండి.

అమ్మమ్మ కళ్ళలో శుక్లాలు. ఒక కన్ను బొత్తిగా పోయేటట్టుంది, వెంటనే కోయించాలన్నారు పెద్దాసుపత్రిలో. ఆవిడ సరేనంది. సరేనని, లాలాగూడ సైరను మధ్యాహ్నం మోగగానే, "రేడియో పెట్టవే, మద్రాసు పెట్టు," అంది నాతో. పెట్టాను. బరబరమని చప్పుడు తప్ప ఏమీ రాలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు అమ్మమ్మ ట్రంకుపెట్టెకు తాళం వేసి కూర్చుంది.

"మద్రాసు వినపడని ఊళ్ళో నేనుండను. కన్నూ వద్దు, గిన్నూ వద్దు. నన్ను బండెక్కించండి."

రేడియో కోసం కన్ను వదులుకుంటానంటుందేమిటి ఈవిడ?

అసలు సంగతి చాలా ఏళ్ళ తరువాత అమ్మ చెప్పింది. మీకు ముందే చెప్పేస్తాను, నాలాగా మీరూ తికమకపడటం దేనికి. అమ్మకొక చెల్లెలుంది. నేను పసిదానిగా ఉన్నప్పుడే ఆ పిన్ని ఇంట్లో చెప్పకుండా ఒక అరవ అబ్బాయిని పెళ్ళి చేసుకుని మద్రాసు వెళ్ళిపోయింది. తాతయ్య అమ్మమ్మ చెయ్యి తన తల మీద పెట్టించుకుని, "ఇక దాని మొహం చూడను" అని ఒట్టు వేయించాడు. ఒట్టు తప్పితే తాతయ్యకు ఏమవుతుందోనని అమ్మమ్మ భయం. ఆ తరువాత పిన్నికి మద్రాసు రేడియోలో, మధ్యాహ్నంపూట తెలుగు స్త్రీల కార్యక్రమంలో మాట్లాడే పని దొరికింది. తాతయ్య ధాన్యం ధరల కోసం కొన్న రేడియో ఉంది. ఆయన పొలం వెళ్ళగానే అమ్మమ్మ దాని చెవి తిప్పేది. "చూడనన్నాను గానీ విననన్నానా?" అందట అమ్మతో రహస్యంగా. కూతురి గొంతు ఒక్కటే ఆవిడకు మిగిలింది. అది ఇక్కడ వినపడలేదు. అదీ సంగతి.

నాన్నకు ఒట్టు గురించి తెలుసు గానీ, ఈ వినడం గురించి తెలియదు. ఆయన పాఠం మొదలుపెట్టాడు.

"చూడండి అత్తయ్యగారూ. పగటిపూట ఈ రేడియో తరంగం నేలను పట్టుకుని వస్తుంది. మీ ఊరికీ మద్రాసుకీ మధ్య అంతా సముద్రమే. ఉప్పునీళ్ళ మీద అయితే ఎంతెంత దూరమైనా తేలిగ్గా వచ్చేస్తుంది. ఇక్కడికి రావాలంటే రాళ్ళూ రప్పలూ, ఎండిన నేలా. ఆ నేలే సగం తాగేస్తుంది."

"మరి రాత్రిళ్ళు మద్రాసు బాగానే పలుకుతోందిగా అల్లుడుగారూ?"

"రాత్రి ఆకాశం మీంచి వస్తుందండీ."

"పగలు నేల మీదా, రాత్రి ఆకాశం మీదా తిరగడానికి అదేమన్నా దయ్యమా?" అంది అమ్మమ్మ.

నాన్న సుద్దముక్క కోసం జేబు తడుముకున్నాడు. నేను అక్కడి నుంచి జారుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి, నాన్న చెప్పిందంతా నాకు వచ్చినట్టు అప్పజెప్పాను. మద్రాసు ఎందుకు రావడం లేదంటే ఇక్కడ ఉప్పునీళ్ళు లేవట, అవి ఉంటే చక్కగా వస్తుందట.

పెద్దమ్మ పిండి చేతులతోనే లేచి నిలబడింది. "ఉప్పు నీళ్ళుంటే వస్తదంటనా? గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా? మన బాయిల ఉన్నయి ఏంది మరి?"

పెద్దమ్మ సముద్రం ఎప్పుడూ చూడలేదు. ఆవిడ ఎరిగిన ఉప్పు నీళ్ళంటే పప్పు ఉడకనివీ, సబ్బు నురగ రానివీ. ఆవిడ పుట్టిన వైపు ఊళ్ళలో ప్రతి వాడకూ ఒక మంచినీళ్ళ బావి, ఒక ఉప్పునీళ్ళ బావి ఉంటాయి. సముద్రం మాట ఎవరెత్తారు? నేనూ ఎత్తలేదు. నాకు మాత్రం ఏం తెలుసు, పెద్దమ్మ చెప్పింది సబబుగానే తోచింది.

ఇంటాయన సామాన్లలో బోలెడు రాగి తీగ ఉంది. పెద్దమ్మ ఒక కొస మా రేడియో వెనకాల ఎర్తు అని రాసి ఉన్న చోట బిగించింది. రెండో కొసకు రాయి కట్టి, కిటికీలోంచి తీసుకెళ్ళి బావిలో వదిలింది. బుడుంగుమంది. నాన్న సైకిలు దిగి ఆ తీగను చూసి, దాని వెంటే నడిచి, బావిలోకి తొంగి చూశాడు.

"ఏమిటిది?"

"ఉప్పు నీళ్ళు సారూ. నువ్వే అన్నవంట గద?"

"అయ్యో, నేనన్నది… అంటే, ఎర్తు వైరు నీళ్ళలో ఉంటే మంచిదే. కొంతవరకు లాభమే. కానీ దానికీ దీనికీ…"

"అవునంటవా, కాదంటవా?"

నాన్న తీగను వేలితో ఓసారి లాగి చూశాడు. "రెండూ," అన్నాడు చివరికి.

"గింత సదువు సదివి రెండూ అంటవేంది సారూ!" అని పెద్దమ్మ నవ్వుకుంటూ పోయింది.

మర్నాడు సైరను మోగేసరికి అందరం రేడియో ముందున్నాం. అమ్మమ్మ చెవి దానికి ఆనించి కూర్చుంది. చెక్కపెట్టె వేడెక్కిన వాసన. బరబర. ముల్లు అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఉన్నట్టుండి, ఎక్కడో గోనెసంచిలోంచి వచ్చినట్టు, ఒక ఆడగొంతు. రెండు మూడు మాటలు. మళ్ళీ బరబర.

"అదే! అదే!" అంది అమ్మమ్మ.

"అది బెజవాడేమోనే అమ్మా," అంది అమ్మ అనుమానంగా.

"హైదరాబాదే అయివుండచ్చు, పక్కకు జరిగి," అన్నాడు నాన్న.

"వచ్చింది మద్రాసే! నేను చెప్పలె?" అంది పెద్దమ్మ.

నాకైతే అది పిల్లి గొంతులా వినిపించింది. ఎవరు చెప్పింది నిజమో ఆ భగవంతుడికే తెలియాలి. అమ్మమ్మ మాత్రం ట్రంకుపెట్టె తాళం తీసింది. ఆ వారంలోనే ఆపరేషను అయిపోయింది.

ఆసుపత్రి నుంచి రెండు కళ్ళకూ కట్టుతో తెచ్చారు. వెల్లకిలా పడుకోవాలి, తల కదపకూడదు, దగ్గకూడదు, తుమ్మకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఏడవకూడదు. "ఏడిస్తే కుట్టు వదులుతుంది, కన్ను పోతుంది," అని డాక్టరు మరీ మరీ చెప్పాడట. అమ్మ ఇంట్లో ఉల్లిపాయ కోయడం కూడా మానేసింది. నేను నవ్వు వచ్చే మాట అనకూడదని నా నోటికి తాళం.

మధ్యాహ్నం రేడియో పెట్టేవాళ్ళం. బరబర. అమ్మమ్మ తల అటు తిప్పేది, ఇటు తిప్పేది. "వస్తోందా? వస్తోందా?" అని అడిగేది. ఆ మొదటి రోజు వచ్చిన పిల్లిగొంతు కూడా మళ్ళీ రాలేదు. పెద్దమ్మ బావిలో రెండు డబ్బాల రాళ్ళుప్పు పోసింది. ఏమీ కాలేదు. అమ్మమ్మ గొంతు బొంగురుపోవడం, గడ్డం వణకడం మొదలయింది. అది చూసి అమ్మ పెద్దమ్మను కేకేసింది. ఏడుపు వచ్చేస్తోంది, కన్ను పోతుంది. వంటింట్లో అమ్మా పెద్దమ్మా గుసగుసలాడుకోవడం చూశాను. "మా ఆయన దోస్తుది మద్రాసు బండి మీదనే డ్యూటీ చెల్లె. ఒక్క మాట చాలు," అని మాత్రం వినబడింది.

తరువాత ఒక రోజు నేను బడి నుంచి అన్నానికి వచ్చేసరికి మద్రాసు వస్తోంది! బరబర సన్నగా ఉంది, దాని మీద గొంతు గంట మోగినట్టుంది. "నమస్కారం. స్త్రీల కార్యక్రమానికి స్వాగతం. ఈరోజు కొబ్బరి పచ్చడి ఎలా చేసుకోవాలో తెలుసుకుందాం." అమ్మమ్మ కదలకుండా, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని పడుకుని ఉంది. మా వాటాకూ పెద్దమ్మ వాటాకూ మధ్య గుమ్మం ఉంది, దానికి తెర. రేడియో ఆ తెర పక్కనే. తెర కింద రెండు పాదాలు కనిపించాయి. అచ్చం అమ్మ పాదాలే. కానీ అమ్మ నా పక్కనే ఉంది.

తెర పక్కకు లాగాను. అమ్మలాంటి మొహంతో ఒకావిడ, కళ్ళు మూసుకుని, కొబ్బరి పచ్చడి చెబుతోంది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. అమ్మ నా జబ్బ గిల్లి పెద్దమ్మ వాటాలోకి లాక్కుపోయింది.

"ఆవిడ మద్రాసు నుంచి వచ్చింది, పెద్దమ్మ దగ్గరే ఉంటుంది. రేడియోలో మాట్లాడేది ఆవిడే. అమ్మమ్మతో అన్నావంటే చంపేస్తాను. నాన్నతో కూడా అనకు."

"మనిషే వచ్చిందేంది పెద్దమ్మా?" అని అడిగాను, నా భాష కూడా అప్పటికి సగం ఆవిడదే.

"గుంజింది బిడ్డా," అంది పెద్దమ్మ. "గన్ని నీళ్ళల్ల గంత ఉప్పు పోస్తే గుంజదా?"

సరే, రేడియో అంటే ఇలాగే పనిచేస్తుంది కాబోలు, బలం తక్కువైతే గొంతొస్తుంది, బలం ఎక్కువైతే మనిషే వస్తుంది అనుకున్నాను. దాని మీద బడిలో ఒక అమ్మాయితో పందెం కూడా కట్టాను. ఆవిడ అంత దూరం నుంచి వచ్చింది కదా అని, బియ్యం డబ్బాలో మాగిన సీతాఫలం తీసి రోజుకొకటి తెర వెనక్కి అందించేదాన్ని. రేడియోవాళ్ళు మధ్యలో పాట వేసేటప్పుడు ఆగినట్టు ఆవిడ కాసేపు ఆగి, సీతాఫలం తినేసి, మళ్ళీ మొదలుపెట్టేది.

ఒక రోజు నాన్న మధ్యాహ్నం ఇంటికొచ్చాడు. గేటు దగ్గరే గొంతు విని సైకిలు వదిలేశాడు. అది ధబాలున పడింది. "మద్రాసు! పట్టపగలు! ఇంత స్పష్టంగా!" గుమ్మంలోంచే వినేసి, లోపలికి రాకుండా తిన్నగా బావి దగ్గరికి పరుగెత్తాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న ఒక సీసాలో బావినీళ్ళు పట్టుకుని, నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని యూనివర్సిటీకి తొక్కాడు. కెమిస్ట్రీ ఆయన ఆ నీళ్ళలో ఏవేవో చుక్కలు వేసి, ఊపి, వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇందులో ఏముందండీ, ఉత్త ఉప్పునీళ్ళు. బట్టలకు కూడా పనికిరావు."

"మద్రాసు వస్తోందండీ!" అన్నాడు నాన్న.

"ఈ నీళ్ళలోంచా?" అన్నాడాయన. సీసాను మళ్ళీ వెలుతురుకు పట్టి చూశాడు.

ఇంటికొచ్చాక నాన్న అన్నం తినలేదు. కాగితాల మీద లెక్కలు వేస్తూ, కొట్టేస్తూ కూర్చున్నాడు. జుట్టంతా పీక్కున్నాడు. చూడలేక అమ్మ చెప్పేసింది. నాన్న నెమ్మదిగా లేచి తెర అవతలికి వెళ్ళి వచ్చాడు. "అమ్మయ్య, ఫిజిక్సు బతికింది," అన్నాడు. కూర్చున్నాక మొహం చిన్నబోయింది. "మరి ఒట్టో? కట్టు విప్పితే ఎదురుగా ఉంటుందిగా," అన్నాడు. "విప్పిన రోజు సాయంత్రం బండికి వెళ్ళిపోతుంది. కనపడదు," అంది అమ్మ. అంటూనే గిర్రున తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఉల్లిపాయలు లేకుండానే ఏడ్చింది.

కట్టు విప్పారు. కంటికి ఆకుపచ్చ గుడ్డ వేలాడదీసి పంపారు. కుట్టు గట్టిపడింది, ఇక భయం లేదన్నారు. అద్దాలు ఇంకొన్ని వారాలకు గానీ రావు, అందాకా వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనదు. అమ్మమ్మ మంచం మీద కూర్చుంది. సైరను మోగింది. రేడియో వచ్చింది. ఆ రోజు వంటలు లేవు. "ఇంతటితో ఈ కార్యక్రమం సమాప్తం. సెలవు," అని గొంతు ఆగిపోయింది. మొదటిసారి ఆ గొంతు పగిలింది.

"ఆ రేడియోని ఇలా రమ్మనండి," అంది అమ్మమ్మ.

"రేడియోని రమ్మనడమేమిటే అమ్మా…" అంది అమ్మ, తెల్లబోయి.

"సీతాఫలం గింజలు తుపుక్కు తుపుక్కుమని ఉమ్మే రేడియో ఎక్కడుందే? అరచేతిలో వేసుకోవే అని చిన్నప్పటి నుంచీ మొత్తుకుంటున్నాను దానితో. మొదటి రోజే తెలుసు నాకు. ఏడిస్తే కన్ను పోతుందన్నారని ఊరుకున్నాను. త్వరగా రమ్మను. అద్దాలింకా రాలేదు, నాకు ఎవరి మొహమూ కనపడదు. అవొస్తే ఒట్టు అడ్డం."

తెర కదిలింది. పిన్ని వచ్చి మంచం పక్కన నేల మీద కూలబడింది. అమ్మమ్మ ఆకుపచ్చ గుడ్డ సవరించుకుని, రెండు చేతులతో ఆ మొహం తడిమింది. నుదురు, కనుబొమలు, ముక్కు, బుగ్గలు. గోడకు సున్నం వేసేవాళ్ళు ఒక్క చోటు కూడా వదలకుండా వేసినట్టు.

"చిక్కిపోయావే," అంది.

అమ్మ ఏడ్చింది, పిన్ని ఏడ్చింది, గుమ్మంలో పెద్దమ్మ ముక్కు చీదుతూ, "నేను చెప్పలె, ఉప్పు నీళ్ళే గుంజినయని," అంది. అమ్మమ్మ మాత్రం ఏడవలేదు. "నా వంతు కూడా మీరే ఏడవండి, కన్ను ఖరీదైనది," అంది. పిన్ని సాయంత్రం బండికి వెళ్ళిపోయింది. తెర వెనకాల సీతాఫలం గింజల కుప్ప మిగిలింది.

ఆ ఇల్లు కూల్చేసి చాలా ఏళ్ళయింది. బావి పూడ్చేశారు. పెద్దమ్మ లేదు, అమ్మా నాన్నా లేరు. ఆ మొదటి రోజు బావినీళ్ళలోంచి వచ్చిన రెండు మాటలు ఎక్కడివో ఎన్నిసార్లు అడిగినా, నాన్న చివరిదాకా "కొంతవరకు" అనే చెప్పేవాడు. సముద్రం ఒడ్డున అమ్మమ్మ ఇంట్లో, నడిమధ్యాహ్నం, పక్కగదిలో మాట్లాడినట్టు మద్రాసు రావడం తరువాత వేసవి సెలవుల్లో నా చెవులతో విన్నాను. అయినా ఇప్పటికీ ఉప్పు నీళ్ళంటే నాకు ముందు గుర్తొచ్చేది బావే.

అమ్మమ్మ అద్దాలు దసరా వెళ్ళాక వచ్చాయి. సోడాబుడ్డి అడుగుల్లాంటి అద్దాలు. పెట్టుకోగానే అందరూ "నేనెవరో చెప్పు, నేనెవరో చెప్పు" అని ముందుకొచ్చారు. అమ్మమ్మ ఎవరినీ పట్టించుకోకుండా నన్ను దగ్గరకు లాక్కుంది. నా నుదురు, కనుబొమలు, ముక్కు, బుగ్గలు వేళ్ళతో తడుముతూ, తడిమిన చోటల్లా అద్దాల్లోంచి చూసింది. చూస్తూనే ఉంది. పెద్దవైన ఆ కళ్ళు నిండిపోయి, బుగ్గల మీదికి కారాయి.

"అదే ముక్కు. అచ్చం అదే," అంది. "నీ మొహం చూడనని ఎవరితోనూ అనలేదుగా."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏడవకూడదు కదా అని అడుగుదామనుకున్నాను. కానీ ఆవిడ అంత ఇష్టంగా చూస్తుంటే, కదలకుండా నిలబడ్డాను.